ఇరుసుకు పూసిన రంగు

పెళ్లై ఆత్మకూరు వచ్చాక కూడా తెల్లవారి లేచి వాకిలి ఊడ్చి ముగ్గు వేసే పని నాదే అయింది. వేంపల్లెలో పుట్టింట్లో ఉన్నప్పుడు ఆ పని హాయిగా ఉండేది. ఇక్కడ వాకిలి పక్కనే మామగారి జీపు నిలబడి ఉండేది. రెండు వేల సంవత్సరం దాటిన కొంతకాలానికి ఆ జీపు వెనక ఎడమ చక్రం కారడం మొదలుపెట్టింది. పొద్దున చూస్తే చక్రం కింద అరచేయంత నల్లని మరక. నీళ్లు చల్లితే మరక విచ్చుకుని నా ముగ్గు గీతల్లోకి పాకేది. ఇరుసులో పోసే ఆ గేరాయిలు వాసన కుళ్లిన గుడ్డునూ కాలిన ఇనుమునూ కలిపినట్టుండేది. ఎంత పేడనీళ్లు కొట్టినా మధ్యాహ్నందాకా వాకిలిని వదిలేది కాదు.

మామగారిది కిరాణా టోకు వ్యాపారం. అంగడి మా ఆయన చూసుకునేవారు. మామగారు మాత్రం వారానికి రెండు తూర్లు జీపులో ఉప్పు, బెల్లం, సబ్బులు, బీడీ కట్టలు, బొరుగుల మూటలు వేసుకుని నల్లమల అంచు పల్లెలకు, సంతలకు పోయేవారు. అక్కడి చిల్లర అంగళ్లకు సరుకు దించి, కందులో చింతపండో వేసుకుని పొద్దుగూకేలోగా వచ్చేవారు. ఆ దారి మీద బస్సు లేదు. వానకు పారే ఒక వంక దాటాలి, గుండ్రాళ్ల మిట్ట ఒకటి ఎక్కి దిగాలి. ప్రభుత్వ వేలంలో కొన్న ఆ పాత జీపు నాలుగు చక్రాలకూ బలం పట్టే రకం కాబట్టి పోగలిగేది. సరుకుతో పాటు ఆయన చాలా మోసుకుపోయేవారు. ఒకరికి కళ్లద్దాలు, ఒకరికి బిడ్డ జ్వరానికి మందు, ఒకరికి పెళ్లి సంబంధం కబురు. వచ్చేటప్పుడు అటునుంచి బాలింతనో ముసలివాళ్లనో ఎక్కించుకుని వచ్చి ఆస్పత్రి దగ్గర దించేవారు. ఇంట్లో ఈ సంగతులేవీ చెప్పేవారు కాదు. ఆ పల్లెలవాళ్లు అంగడికి వచ్చినప్పుడు మాకు తెలిసేవి.

ఆయన జీపును చూసుకునే తీరు చూసి నేను ఆశ్చర్యపోయేదాన్ని. దసరాకు ఆయుధపూజ చేయనివాళ్లు మా వీధిలో లేరు. అందరూ బండి కడిగి, మొగానికి పసుపు కుంకుమ పెట్టి, దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించేవాళ్లు. మామగారు అంతకు రెండు రోజుల ముందే గోనెపట్ట పరుచుకుని జీపు కిందికి దూరేవారు. అడుగుభాగమంతా గుడ్డతో తుడిచి, ఇరుసులకు, వాటి మధ్యలో కుండలా ఉబ్బి ఉండే పెట్టెకు, కమ్మీలకు నల్లరంగు పూసేవారు. ఆ తర్వాత ఇరుసు పెట్టె మీద పసుపు రాసి బొట్టు పెట్టేవారు. ఎవరికీ కనబడని చోట అంత శ్రద్ధ ఎందుకని అత్తగారు నవ్వితే, "మొగానికి అందరూ మొక్కుతారు. మోసేది కడుపే కదా," అనేవారు. ఏటేటా పూసి పూసి ఆ రంగు దోసె అంత మందమైంది.

చక్రం కారడం మొదలయ్యాక ఆయన మెకానిక్కును పిలిపించారు. ఆ సాయిబు బస్టాండు వెనక రేకుల షెడ్డులో పనిచేసేవాడు. పని ఎంత బాగా తెలుసో గొప్పలు చెప్పుకోవడం అంత బాగా తెలుసు.

"సేటూ, ఇరుసు కొసన రబ్బరు సీలు ఉంటాది. నూనెను లోపల ఆపేది అదే. అది అరిగిపోయింది. నా చెయ్యి పడినాక మళ్లీ కారిందంటే ఈ పానాలు అమ్మేసి టీ అంగడి పెట్టుకుంటా," అన్నాడు.

సీలు మార్చాడు. కొన్ని నెలలకు మళ్లీ కారింది.

"డూప్లికేట్ మాలు వచ్చింది సేటూ. కర్నూలు నుంచి అసలుది తెప్పిస్తా."

అసలుది వచ్చింది. అదీ కారింది. ఇంకొకటి వేశాడు. ఇంకో దసరా నాటికి రెండో పక్క చక్రం కూడా మొదలుపెట్టింది. మామగారు నవ్వు ఆపుకుంటూ, "ఏమప్పా సాయిబూ, టీలో చక్కెర ఎంతేస్తావు?" అని అడిగితే, వాడు తలపాగా తీసి నెత్తి గోక్కున్నాడు. "నవ్వు సేటూ, నవ్వు. సీలు విప్పినప్పుడు చూస్తే లోపల నూనె మజ్జిగ మాదిరి ఉండాది. నీళ్లు కలిసినాయి. నూనె బయటికి వస్తాంటే నీళ్లు లోపలికి ఎట్ల పోతాండాయో నాకు సమజ్ కావడం లేదు," అన్నాడు. తెలియని సంగతిని తెలియదని నడివీధిలో ఒప్పుకున్న ఆ మాట నాకు బాగా గుర్తుండిపోయింది.

కారిన నూనె నేల మీదే పడి ఉంటే నా ముగ్గుతోనే పోయేది. అది చక్రం లోపల బ్రేకు చెక్కలకు అంటుకునేది. అప్పుడు ఒక చక్రం పట్టుకుంటుంది, ఒకటి జారుతుంది. ఆ దసరా ముందర మిట్ట దిగుతూ బ్రేకు తొక్కితే జీపు అడ్డం తిరిగి బండకు ఆనుకుని నిలిచింది. ఆ సంగతి మరుసటి రోజు ఉప్పు కోసం వచ్చిన పల్లె మనిషి చెబితేనే మా ఆయనకు తెలిసింది.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ఆయన గట్టిగానే మాట్లాడారు.

"ఇంగ చాలు నాయనా. దాన్ని ఇనుప సామాన్ల వాళ్లకు ఇచ్చేద్దాం. లోడు ఆటో తీసుకుందాం."

"నీ ఆటో వంక దాటుతాదేమప్పా?"

"రోడ్డుండే ఊర్లకు పోతాం. లేని ఊర్లోళ్లు వాళ్లే వస్తారు."

"వాళ్లు వచ్చేదానికి బండి యాడుండాది? ఉంటే నేనెందుకు పోతాండా?"

"నువ్వు బండ కింద పడితే ఎవరు పోతారు మరి?"

మామగారు పెరుగన్నం కలుపుతూ అన్నారు. "ఇంకొక్క తూరి సీళ్లు వేపిస్తా. దీపావళి లోపల మళ్లీ కారిందంటే నీ ఇష్టం. ఎవరికి అమ్ముతావో అమ్ముకో. నేను నోరెత్తను."

ఆ ఇంట్లో ఆయన మాట అంటే మాటే. దీపావళి ఎంతో దూరం లేదు. జీపు పోతే ఆయన గల్లాపెట్టె పక్కన బెంచీ మీద కూర్చుండిపోతారని, ఆ పల్లెలు మళ్లీ చూడరని మాకందరికీ తెలుసు.

దసరా అయింది. ఎప్పటిలాగే ఆయన జీపు కిందికి దూరి రంగు పూశారు. సాయిబు రెండు వైపులా కొత్త సీళ్లు వేశాడు. మొదటి సంతకు పోయి వచ్చిన మరుసటి పొద్దున నేను చీపురు పట్టుకుని వాకిట్లోకి వస్తే, చక్రం కింద రూపాయి బిళ్లంత మరక. వెనక నుంచి అత్తగారు వచ్చి, నా చేతిలో బకెట్టు లాక్కుని మరక మీద కుమ్మరించారు.

"చూస్తాండావేంది పాపా? నీ మొగుడు లేచేలోగా ముగ్గు వెయ్యి. పెద్ద ముగ్గు వెయ్యి."

నేను పెద్ద ముగ్గే వేశాను. వేస్తూ ఒక సంగతి గమనించాను. జీపు ఊళ్లోనే అటూ ఇటూ తిరిగిన వారంలో మరక ఉండేది కాదు. బరువుతో మిట్ట ఎక్కి వేడెక్కి వచ్చిన మరునాడే ఉండేది. రబ్బరు అరిగిపోయి ఉంటే రోజూ కారాలి కదా. వేడికీ దీనికీ ఏదో లంకె ఉందనిపించింది.

నేను చదివింది పదో తరగతి దాకానే. మిగిలిన చదువంతా గ్రంథాలయంలో చదువుకున్నాను, అది చెప్పుకోవడానికి నాకు ఏ మొహమాటమూ లేదు. కూరగాయల మార్కెట్టుకు పోయే దారిలో శాఖా గ్రంథాలయం ఉండేది. అక్కడ ఆడవాళ్ల బల్ల ఒకటి ఉండేది, దాని దగ్గర తరచూ నేనొక్కదాన్నే. నక్షత్రాల మీద, పాముల మీద, బావులు తవ్వడం మీద, కరెంటు మీద ఏ పుస్తకం దొరికినా వంకాయల సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకునేదాన్ని. గ్రంథపాలకుడు, "అమ్మా, మీరు ఇంకా చదవనిది ఏదో మీరే చెప్తే సులువు," అనేవాడు. ఆ వారం నేను మోటారు బండ్ల మీద ఏముందని అడిగాను. ఆయన నిచ్చెన ఎక్కి అట్ట ఊడిపోయిన ఒక పాత పుస్తకం దించాడు. మోటారు పని నేర్చుకునేవాళ్ల కోసం రాసింది. మొదటి పేజీలు లేవు కాబట్టి ఎవరు రాశారో తెలియలేదు. కానీ ఎవరో మనిషి ఎక్కడో కూర్చుని, ఇరుసు లోపల ఏం జరుగుతుందో నాలాంటిదానికి కూడా అర్థమయ్యే తెలుగులో ఓపిగ్గా రాశాడు. ఆ మనిషికి నేను మనసులో దండం పెట్టుకున్నాను.

ఇరుసు గురించి చదువుతుంటే ఒకచోట చిన్నమాట కనబడింది. బండి నడిచినప్పుడు ఇరుసు పెట్టెలో నూనె వేడెక్కుతుంది, లోపలి గాలి ఉబ్బుతుంది, ఆ గాలి పోవడానికి పెట్టె పైన బొటనవేలంత మూత ఒకటి ఉంటుందని. పక్కన బొమ్మ కూడా ఉంది. మధ్యాహ్నం వీధిలో ఎవరూ లేనప్పుడు నేను మొగం చూసుకునే అద్దాన్ని జీపు కింద ఇరుసు పైకి కనబడేలా పట్టుకుని చూశాను. అలాంటి మూత ఎక్కడా లేదు. నల్లరంగు నున్నగా పరుచుకుని ఉంది. ఒకచోట మాత్రం రంగు కింద చిన్న బొడిపె.

ఆ బొడిపె గురించే ఆలోచిస్తూ మరునాడు పప్పు కుక్కరు పొయ్యి మీద పెట్టాను. ఎంతసేపటికీ విజిల్ రాలేదు. మూత అంచు నుంచి మాత్రం చిటచిటమని పసుపు నీళ్లు కారసాగాయి. అత్తగారు గబగబా వచ్చి పొయ్యి ఆర్పారు.

"గ్యాస్కెట్ పోయినట్టుండాది," అన్నాను.

"గ్యాస్కెట్టుకేం రోగం? మొన్ననే కదా కొనింది. పైన బొక్కలో పప్పు అడ్డం పడినాది. ఆవిరికి దారి లేకపోతే పక్కనుంచి తోసుకుంటాది." ఆవిడ చల్లారిన కుక్కరు తీసి చీపురుపుల్లతో బొక్క పొడిచారు. మళ్లీ పొయ్యి మీద పెడితే విజిల్ వచ్చింది. అంచు పొడిగా ఉంది.

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "అత్తా, జీపుకు ఇదే జబ్బు."

ఆవిడకు రెండోసారి చెప్పాల్సిన పని పడలేదు. పుస్తకంలో బొమ్మ చూపిస్తే తలూపి, "అంటే ఆయప్ప ఏటేటా పూజకు పూసే రంగే..." అని ఆగి, పైట నోటికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వు వచ్చిందో భయం వేసిందో ఆవిడకే తెలియాలి.

మామగారికి ఎదురుపడి మాట్లాడటం మా ఇళ్లలో కోడళ్లకు అలవాటు లేదు. కోపమో భయమో ఉండి కాదు, పద్ధతి అంతే. ఆయన నడవలో కూర్చుంటే నేను వంటింటి గడప లోపల నిలబడేదాన్ని. మాట అత్తగారి మీదుగా పోయి, అత్తగారి మీదుగా తిరిగొచ్చేది. నేను రెండు బారల దూరంలో ఉన్నా, "ఏమే, కోడల్ని అంత పెద్ద బిందె ఎత్తొద్దను," అనేవారు. "వినబడె కదా పాపా, మళ్లీ నా నోరు యాల నొప్పించాల?" అనేవారు అత్తగారు.

ఆ రోజూ అలాగే జరిగింది. భోజనం అయ్యేదాకా ఆగి అత్తగారు మొదలుపెట్టారు.

"పాప ఏదో చదివిందంట. ఇరుసుకు పైన ఊపిరి బొక్క ఉంటాదంట. అది మూసుకుపోతే లోపలి గాలి సీళ్లను తోసుకుని వస్తాదంట."

"సాయిబు ఇన్నేండ్ల నుంచి చూస్తాండాడు. వానికి తెలీదా అని అడుగు."

నేను గడప లోపలి నుంచి, "సాయిబు చక్రాల దగ్గర పని చేస్తాడు అత్తా. ఇది నడిమధ్యలో, పైన ఉంటుంది. రంగు కింద పడి కనబడదు," అన్నాను.

"ఏం రంగు?" అన్నారాయన.

అత్తగారు నా వైపు చూశారు, నేను నేల వైపు చూశాను. అత్తగారే చెప్పారు. "నువ్వు పూసే రంగే."

ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచి, లేచినవారు లేచినట్టే నిలబడ్డారు. "తుప్పు పట్టకూడదని పూస్తి. బొట్టు పెడితి. అంటే నా చేతులతో నేనే దాని గొంతు పిసికితినా?" అని, కండువా భుజాన వేసుకుని బయటికి వెళ్లిపోయారు. అత్తగారు ఎంగిలాకు ఎత్తుతూ, "పోనీలే. కోపం దిగినాక బుర్ర ఎక్కుతాది," అన్నారు.

సాయంత్రం ఆయన తిరిగి వచ్చి నడవలో కూర్చున్నారు. "ఏమే, ఆ పుస్తకంలో బొమ్మ ఉండాదేమో అడుగు."

పుస్తకం నా చేతి నుంచి అత్తగారి చేతికి, ఆవిడ చేతి నుంచి ఆయన చేతికి పోయింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని ఆ పేజీ చదివారు. మళ్లీ చదివారు. "వంకలో చల్లబడితే ఇరుసు నీళ్లను లోపలికి పీలుస్తాదని కూడా రాసినాడే," అన్నారు తనలో తాను. "అందుకేనా మజ్జిగ." ఆ మాట దాకా నేను చదవనే లేదు. మిగతా పేజీ నేను దాటేశాను, ఆయన దాటలేదు. నా పుస్తకాన్ని నాకంటే బాగా చదివిన మనిషిని మా ఇంట్లో నేను చూడటం అదే మొదలు.

అప్పుడే మా ఆయన అంగడి కట్టేసి వచ్చారు. మామగారు ఆయన్ను కూర్చోమని, ఏ ఉపోద్ఘాతమూ లేకుండా చెప్పారు.

"పోయిన సంత నుంచి వచ్చినాక చక్రం కారింది. మీ అమ్మ కడిగింది. నేను కిటికీలోనుంచి చూసినా. మాట ప్రకారం బండి నీది."

అత్తగారి మొగం ఎర్రబడింది. మా ఆయన తల్లి వైపు, తండ్రి వైపు చూశారు.

"అయితే ఒక్కటి అడుగుతాండా," అన్నారు మామగారు. "రేపు సంతకు పోయొచ్చినాక వేడి మీద సాయిబుతో ఆ మూత విప్పిస్తాం. నువ్వు కూడా ఉండు. ఏమీ లేకపోతే ఎల్లుండే ఇనుప సామాన్లోణ్ణి పిలువు."

మా ఆయన, "నేనూ వస్తా సంతకు," అన్నారు. తండ్రిని ఆ బ్రేకులతో ఒంటరిగా పంపడం ఆయనకు ఇష్టం లేదు.

మరుసటి రోజు బరువు తగ్గించి వేసుకుని, మిట్ట మీద గేర్లోనే నెమ్మదిగా దిగి, ఎండ ఉండగానే తిరిగి వచ్చారు. సాయిబు అప్పటికే పానాల సంచితో మా గడప మీద కూర్చుని ఉన్నాడు. జరిగింది వినగానే మామగారి గోనెపట్ట మీద వెల్లకిలా పడుకుని జీపు కిందికి జరిగాడు. ఉలితో రంగు గీకిన చప్పుడు చాలాసేపు వినబడింది. పెచ్చులు పెచ్చులుగా నల్లరంగు రాలింది, మధ్య మధ్య పసుపు పొరలు.

"అరే! ఇది బోల్టనుకుంటి సేటూ ఇన్నేండ్లూ. మూతే! కోడలమ్మ చెప్పింది నిజమే," అని కింది నుంచి అరిచాడు. "ఊరుకోండి అందరూ. విప్తాండా."

వీధిలో పోయేవాళ్లు కూడా నిలబడ్డారు. పానా కిర్రుమంది. తర్వాత స్స్‌స్స్‌మని పొడుగ్గా ఒక చప్పుడు. లోపల కూర్చున్న గాలంతా ఒక్కసారిగా బయటికి వచ్చింది. నూనె తుంపర మొగాన పడి సాయిబు కళ్లు మూసుకుని, "అల్లా!" అన్నాడు.

"పప్పు ఉడికింది పో," అన్నారు అత్తగారు.

వీధి వీధంతా నవ్వింది. మామగారు మాత్రం నవ్వలేదు. వంగి జీపు కిందికి చూస్తూ, చప్పుడు పూర్తిగా ఆగేదాకా అలాగే ఉన్నారు. లేచి కొడుకుతో, "విన్యావా?" అన్నారు. మా ఆయన తలూపారు. "విన్నా నాయనా. అయినా బ్రేకు పట్టాల కదా. మిట్ట మీద చూసినాకనే నా మాట."

"న్యాయమే," అన్నారు మామగారు.

తర్వాతి రెండు రోజులు సాయిబు మా వాకిట్లోనే పని చేశాడు. గడపలో కూర్చుని ఉప్పుడుబియ్యం చెరుగుతూ నేను చూశాను. చక్రం ఊడదీసి, బ్రేకు డ్రమ్ము లాగి, లోపలి ఇరుసును పుల్లరనే లాగుడు పనిముట్టుతో బిగించి బిగించి పెకలించాడు. పాత సీలు నొక్కుకుని నొక్కుకుని ఇరుసు ఉక్కుకే ఉంగరం లాంటి గాడి పడింది. వాడు గోరుతో ఆ గాడిని తడిమి, "కొత్త సీలు కూడా ఇందులోనే కూర్చుంటే మళ్లీ కారతాది. పాత దారి ఇడిపించాల," అని, కొత్త సీలును ఒక రాత్రి నూనెలో నానబెట్టి, గాడి తగలకుండా వెంట్రుకవాసి ఇవతల కూర్చునేలా చెక్కముక్క ఆనించి చుట్టూ చిన్నచిన్న దెబ్బలు కొట్టాడు. ఆ దెబ్బలు వింటే తబలా మీద వేళ్లు ఆడినట్టుండేది. మజ్జిగలాంటి నూనె పారబోసి కొత్తది పోశాడు. నూనె తాగిన బ్రేకు చెక్కలు తీసేసి కొత్తవి బిగించాడు. ఊపిరి మూతను కిరసనాయిల్లో నానబెట్టి, నోటితో ఊది, చెవి దగ్గర పెట్టుకుని గలగలమని ఆడించి, పిల్లవాడి మొలతాడుకు గజ్జె కట్టినట్టు జాగ్రత్తగా దాని చోట పెట్టాడు.

"ఇప్పుడు కారితే?" అన్నారు మామగారు.

"టీ అంగడే సేటూ. నీకు ఉద్దెర ఇయ్యను."

దీపావళి ముందరి సంతకు మామగారు నిండా బరువు వేశారు. "ఏమే, మీరు కూడా రండి. మనుషుల బరువు కూడా పడాల," అన్నారు అత్తగారితో. అలా నేనూ ఆ పల్లెల దారి చూశాను. ముందు ఇద్దరు మగవాళ్లు, వెనక బెల్లం బస్తాల మధ్య మేమిద్దరం. వంకలో ఆ ఏడు నీళ్లున్నాయి. జీపు కడుపు దాకా మునిగి, కుదుపుతూ దాటింది. మిట్ట ఎక్కాక పైన బండి ఆపి మామగారు దిగారు.

"నువ్వు తోలు," అన్నారు కొడుకుతో.

"నేనా?"

"బ్రేకు పట్టిందో లేదో నేను చెప్తే నువ్వు నమ్మొద్దు. నీ కాలికే తెలియాల."

మా ఆయన దిగువకు తోలారు. సగం దిగాక, ముందు చెప్పకుండా బ్రేకు గట్టిగా తొక్కారు. జీపు గీత గీసినట్టు తిన్నగా నిలబడిపోయింది. బస్తాలు ముందుకు జారాయి. అత్తగారి తల బెల్లం బస్తాకు కొట్టుకుంది.

"నీ పరీక్ష తగలెయ్య! కనీసం చెప్పి తొక్కగూడదా రా?"

మా ఆయన దిగి, వెనక చక్రాల లోపలివైపు వేళ్లు పెట్టి తుడిచి చూసుకున్నారు. తెల్లచొక్కాకు ఆ వేళ్లు రాసుకుని మళ్లీ చూసుకున్నారు. మట్టి తప్ప ఏమీ అంటలేదు. వచ్చి డ్రైవరు సీట్లో కూర్చోలేదు. పక్క సీటు తలుపు తీసి ఎక్కి, "తోలు నాయనా. ఎండ ముదురుతాండాది. వాళ్లు ఎదురుచూస్తాంటారు," అన్నారు. ఆ తర్వాత మా ఇంట్లో లోడు ఆటో మాట వచ్చింది కానీ, జీపును అమ్మే మాట రాలేదు.

పల్లెలో మామగారు దిగగానే జనం చుట్టుముట్టారు. ఆయన ఎవరి సరుకు వారికి ఇస్తూనే జీపు ఎందుకు కారిందో చెప్పడం మొదలుపెట్టారు. "నేనే పూసినా. పూజ అని పూసినా. గొంతు మూసినా." ఒకరికి చెప్పి ఊరుకోలేదు. ప్రతి ఇంటి ముందూ చెప్పారు. తన తప్పును ఎవరైనా అంత హుషారుగా చెప్పుకోవడం నేను అంతకుముందు చూడలేదు.

ఆత్మకూరు వచ్చాక మరుసటి పొద్దున వాకిలి పొడిగా ఉంది. నేను అత్తగారిని పిలిచి చూపించాను. ఆవిడ మామగారిని పిలవబోతే ఆయన ఇంట్లో లేరు. కాసేపటికి కూరగాయలకు పోతుంటే జీపు స్టాండు దగ్గర గుంపు కనబడింది. పల్లెలకు మనుషులను తిప్పే జీపులు అక్కడ వరసగా ఆగేవి. అన్నీ దసరాకు పూసిన కొత్త రంగులతో మెరుస్తున్నాయి. ఒక జీపు కింద నుంచి మా మామగారి కాళ్లు బయటికి కనబడ్డాయి. పక్కన ఆ జీపు డ్రైవరు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"సేటూ, నా బండి బాగానే ఉండాది. బయటికి రా. నీ పంచె మాసిపోతాండాది."

"బాగుంటే సీలు ఎన్ని తూర్లు మార్చినావో చెప్పు."

"రెండు తూర్లు."

"ఊపిరి మూత మీద రంగు పూస్తే నూరు తూర్లు మార్చినా అంతే అప్పా."

డ్రైవరు చుట్టూ ఉన్నవాళ్లకు కన్ను గీటి, "నువ్వు ఎన్నేండ్లు పూస్తివి సేటూ?" అన్నాడు. అందరూ నవ్వారు.

"నా తల నెరిసేదాకా పూస్తి," అన్నారు మామగారు కింది నుంచి. "నీకింకా నల్లగానే ఉండాది. ఆ కత్తి ఇట్ల ఇయ్యి."

డ్రైవరు నవ్వు ఆపి, వంగి, కత్తి అందించాడు.